చల్లదనానికి విషం తీసిన మనిషి – థామస్ మిడ్జిలీ

శాస్త్రజ్ఞుల జీవిత చరిత్ర అనగానే మన సావనీరులో సి.వి.రామన్ గారో, యల్లాప్రగడ సుబ్బారావు గారో, మేడమ్ క్యూరీయో ప్రత్యక్షమవడం ఆనవాయితీ. వాళ్ళ గురించి ఎంత రాసినా తక్కువే, కాదనను. కాని ఈసారి నేను ఎన్నుకున్న మనిషిని మహనీయుడు అనాలో, ఇంకేమనాలో మన డిపార్టుమెంటులోనే ఏకాభిప్రాయం లేదు. ఒక లెక్చరరు గారైతే వాడి గురించా రాసేది అని నవ్వేశారు కూడా. అందుకే రాయాలనిపించింది.

థామస్ మిడ్జిలీ 1889 మే 18న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో బీవర్ ఫాల్స్ అనే ఊళ్ళో పుట్టాడు. పెరిగింది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. తండ్రి కూడా టైర్లూ చక్రాల మీద కొత్త కొత్త ఉపాయాలు కనిపెట్టిన మనిషే. మిడ్జిలీ 1911లో కార్నెల్ యూనివర్సిటీలో డిగ్రీ తీసుకున్నాడు. ఏ సబ్జెక్టులో అనుకుంటున్నారు? మెకానికల్ ఇంజనీరింగులో. కెమిస్ట్రీ డిగ్రీ లేని ఈ పెద్దమనిషే 1944లో అమెరికన్ కెమికల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. గ్రూపు మార్చుకుందామా అని ఫైనలియర్‌లో కూడా బెంగపడుతున్న మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే కాస్త ధైర్యంగా ఉంటుంది.

1916లో అతను డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ అనే ప్రసిద్ధ ఇంజనీరు ప్రయోగశాలలో చేరాడు. తర్వాత అది జనరల్ మోటార్స్ కంపెనీలో కలిసిపోయింది. అక్కడ అప్పగించిన పని ఇంజను తట్టుడు. పెట్రోలు సమయానికి ముందే భగ్గుమనడం వల్ల సిలిండరులో టకటకమని కొట్టుకునే జబ్బు అది. ఎరుపు రంగు వేడిని పీల్చుకుంటుందేమో, ఇంధనానికి ఎర్ర రంగు కలిపితే సరిపోతుందేమో అని గురుశిష్యులిద్దరికీ ఒక ఊహ వచ్చింది. చేతిలో సరైన ఎర్ర రంగు లేక అయొడిన్ కలిపాడు. తట్టుడు తగ్గిపోయింది! తీరా నిజమైన ఎర్ర రంగులు తెచ్చి కలిపితే ఒక్కటీ పనిచెయ్యలేదు. ఊహ తప్పు, ఫలితం మాత్రం ఒప్పు. ప్రాక్టికల్స్‌లో మనకి దీనికి మార్కులు పడవు గాని, అతనికి దారి దొరికింది. అయొడిన్ ఖరీదు ఎక్కువ. ఆవర్తన పట్టిక పట్టుకుని సెలీనియం, టెల్లూరియం అంటూ ఒక్కో మూలకం వెంటా పడ్డాడు. టెల్లూరియం వాసన ఒంటికి, బట్టలకి పట్టుకుంటే ఎన్నాళ్ళు కడిగినా పోయేది కాదట. చివరికి 1921 డిసెంబరు 9న సీసపు సమ్మేళనం దొరికింది. పేరు టెట్రా ఇథైల్ లెడ్. చిటికెడు కలిపితే చాలు, ఇంజను మెత్తగా నడిచింది.

సీసం విషమన్నది రోమన్ల కాలంనాటి నుంచీ తెలిసిన విషయమే. మిడ్జిలీకి స్వయంగా తెలుసు. 1923 మొదట్లో తన ఒంట్లోకే సీసం ఎక్కి విశ్రాంతి కోసం ఫ్లోరిడా వెళ్ళాడు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ ద్రవం తయారుచేస్తూ కార్మికులు పిచ్చెత్తినట్టయి 5గురు చనిపోయారు. ఆ నెల 30న మిడ్జిలీ విలేకరుల ముందు నిలబడి, ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని నిమిషం పాటు పీల్చి చూపించాడు. ఏ ప్రమాదమూ లేదని నమ్మించడానికి. యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ యాండెల్ హెండర్సన్, వృత్తి రోగాల నిపుణురాలు ఆలిస్ హామిల్టన్ మొత్తుకున్నా చివరికి కంపెనీల మాటే నెగ్గింది. సరుకు పేరులో సీసం అన్న మాటే లేకుండా ఇథైల్ అని అమ్మారు.

ఇక్కడ నా మనసులో మాట చెప్పక తప్పదు. అదే ప్రయోగశాలలో ఆల్కహాలు కలిపినా తట్టుడు తగ్గుతుందని వాళ్ళకి అంతకు ముందే తెలుసు. ఆల్కహాలు మొక్కజొన్న నుంచీ చెరకు నుంచీ ఎవరైనా తీసుకోవచ్చు, దాని మీద ఒకడి గుత్తాధిపత్యం సాగదు. సీసపు సరుకైతే పేటెంటు కిందికి వస్తుంది. రైతు ఇంట పుట్టినవాణ్ణి కాబట్టి ఈ ముక్క దగ్గర నాకు కడుపు మండింది. మన దేశం 2000లో సీసం పెట్రోలు ఆపింది. అల్జీరియా 2021లో ఆపడంతో ప్రపంచంలో కార్లకు ఆ పెట్రోలు అమ్మడం ముగిసింది. ఇవాళ మన బంకుల్లో పెట్రోలుతోపాటు ఇథనాలు వస్తూనే ఉంది. వందేళ్ళ క్రితం పక్కన పెట్టింది దాన్నే.

ఇంతవరకూ అతణ్ణి దోషి అనడానికి నాకు సంకోచం లేదు. రెండో కథ అలా కాదు.

ఫ్రిజ్ పనిచేసే తీరు మనకు కొత్త కాదు. వేసవిలో మట్టికుండ చెమర్చి లోపలి నీళ్ళు చల్లబడతాయే, సూత్రం అదే. ద్రవం ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. కుండలో ఆవిరి గాలిలో కలిసిపోతుంది. ఫ్రిజ్‌లో దాన్ని పోనివ్వకుండా కంప్రెసరుతో నొక్కి, వెనక ఉన్న గొట్టాల్లో వేడి వదిలించి, మళ్ళీ ద్రవం చేసి లోపలికి పంపుతారు. అలా తిరిగే ద్రవం ఏదన్నదే అసలు సమస్య. 1920లలో ఉన్నవి అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు. మూడూ విషాలే. గొట్టం కారితే ఇంట్లో నిద్రపోయేవాళ్ళకి తెల్లవారదు. బెర్లిన్‌లో ఒక కుటుంబం అలా చనిపోయిందని పత్రికలో చదివి ఐన్‌స్టీనంతటివాడు, లియో జిలార్డ్‌తో కలిసి, కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌కి పేటెంటు తీసుకున్నాడు. అది బజారుకి రాలేదు.

1928లో కెటరింగ్ ఈ పని మిడ్జిలీకి పురమాయించాడు. మంటుకోకూడదు, విషం కాకూడదు, సున్నాకి బాగా దిగువన మరగాలి. మిడ్జిలీ, ఆల్బర్ట్ హెన్, రాబర్ట్ మెక్‌నరీ కూర్చుని ముందు పుస్తకాలు తిరగేశారు. అక్కడ నుంచి జరిగింది చదువుతుంటే, ఆవర్తన పట్టికని కంఠతా పట్టడం తప్ప ఇంకెందుకూ వాడని మనబోటి వాళ్ళకి సిగ్గేస్తుంది. తేలిగ్గా ఆవిరయ్యే సమ్మేళనాలిచ్చే మూలకాలన్నీ పట్టికలో కుడివైపునే ఉన్నాయి. ఎడమ నుంచి కుడికి వెళ్ళేకొద్దీ మండే గుణం తగ్గుతోంది. కింద ఉన్న బరువైన మూలకాల నుంచి పైకి వచ్చేకొద్దీ విషగుణం తగ్గుతోంది. రెండు గీతలూ కలిసిన చోట ఎవరున్నారు? ఫ్లోరిన్. అందరూ చూసి భయపడే ఫ్లోరిన్! కాని కార్బన్‌తో గట్టిగా పెనవేసుకుంటే దాని కోర ఊడిపోతుందని వాళ్ళు లెక్కవేశారు. ఆలోచన మొదలైన మూడు రోజుల్లోనే డైక్లోరో డైఫ్లోరో మీథేన్ చేతికొచ్చింది. మైనస్ 30 డిగ్రీల దగ్గర మరుగుతుంది. తర్వాత ఫ్రియాన్-12 అనీ, ఆర్-12 అనీ పేరుపడింది.

దీనిలో అదృష్టం పాలూ ఉంది. తయారీకి కావలసిన యాంటిమొనీ ట్రైఫ్లోరైడు దేశమంతా గాలిస్తే 5 చిన్న సీసాలు దొరికాయి. ఒక సీసా తీసి గ్యాసు తయారుచేసి గాజుగంట కింద గినీపందిని పెట్టారు. అది హాయిగా బతికింది. రెండో సీసాతో చేస్తే గినీపంది చచ్చింది. తర్వాత తేలిందేమంటే, ఐదింట్లో నాలుగు సీసాలు కల్తీ సరుకు, వాటివల్ల ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టింది. కాస్టిక్ ద్రావణంతో కడిగితే అదీ పోయింది. మొదట చేతికందింది మంచి సీసా కాకపోయుంటే వాళ్ళు అక్కడే వదిలేసి ఉండేవారేమో.

1930 ఏప్రిల్‌లో అట్లాంటాలో జరిగిన కెమికల్ సొసైటీ సభలో మిడ్జిలీ ఈ గ్యాసుని గుండెలనిండా పీల్చి, మెల్లగా వదిలి వెలుగుతున్న కొవ్వొత్తిని ఆర్పాడు. ఒక్క ఊపిరితో విషం కాదని, మంటుకోదని రెండూ రుజువయ్యాయి. ఆరేళ్ళ క్రితం సీసంతో చేసిన గారడీ లాంటిదే, కాని ఈసారి చూపించింది నిజం. ఇళ్ళకి, కొట్లకి, ఆసుపత్రులకి ఫ్రిజ్ భయం లేకుండా వచ్చింది. మందులు, పాలు, మాంసం నిలవున్నాయి. దాని వల్ల నిలిచిన ప్రాణాలని కూడా ఖాతాలో రాయాలి కదా! పర్కిన్ పతకం 1937లో, ప్రీస్ట్లీ పతకం 1941లో వచ్చాయి. వందకి పైగా పేటెంట్లు పొందాడు.

1940లో, 51 ఏళ్ళ వయసులో పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి. మంచం మీద నుంచి ఒకరి సాయం లేకుండా లేవడానికి తాళ్ళతో, కప్పీలతో తానే ఒక యంత్రం అమర్చుకున్నాడు. 1944 నవంబరు 2న ఆ తాళ్ళే మెడకు బిగుసుకుని చనిపోయాడు. 55 ఏళ్ళు.

అప్పటికి తన గ్యాసు మీద ఒక్క మచ్చ లేదు. అది దేనితోనూ కలవదు, దేనికీ చెడదు. ఆ మంచి గుణమే కొంప ముంచింది. కింద చెడిపోని గ్యాసు పైపైకి వెళ్ళి, అతినీలలోహిత కిరణాలు తగిలి విడిపోయి క్లోరిన్ని వదులుతుందనీ, ఆ క్లోరిన్ పరమాణువు ఒక్కొక్కటీ లక్ష దాకా ఓజోన్ అణువులని తినగలదనీ మారియో మొలీనా, షెర్‌వుడ్ రోలాండ్ 1974లో చెప్పారు. 1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిందని కొలిచి చూపించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, 2010 నాటికి ప్రపంచమంతా ఈ గ్యాసుల తయారీ దాదాపు ఆగిపోయింది.

ఇక్కడ మనకి దగ్గర కథ ఒకటుంది. వీరభద్రన్ రామనాథన్ అనే మద్రాసు వైపు ఇంజనీరు చదువు అవగానే మన సికింద్రాబాదులో ఒక ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేశాడు. గ్యాసు ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం ఆయన పని. ఆ గ్యాసునే మనసులో పెట్టుకుని అమెరికా వెళ్ళినవాడు, 1975లో ఇంకో బాంబు పేల్చాడు. ఓజోన్ సంగతి అలా ఉంచి, ఈ గ్యాసు అణువు భూమి వేడిని పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడు అణువుకి పదివేల రెట్లు పైన అని. సికింద్రాబాదు షెడ్డులో మొదలైన ఆలోచన ఇంత దూరం పోయిందంటే ఆశ్చర్యంగా లేదూ!

క్లోరిన్ తీసేసి కొత్త గ్యాసులు తెచ్చారు. ఓజోన్‌కి హాని లేదు గాని వేడి గుణం పోలేదు. కార్బన్ డయాక్సైడు ఒకటైతే ఆర్-134ఏ 1,430. సూపర్‌బజార్ల ఫ్రీజర్లలో వాడే ఆర్-404ఏ 3,922. అంటే ఒక కిలో కారితే దాదాపు 4 టన్నుల కార్బన్ డయాక్సైడు వదిలినట్టు. అందుకే యూరపులో 2020 నుంచి 2,500 దాటిన గ్యాసుతో కొత్త శీతల యంత్రాలు పెట్టడం చాలా వరకు నిషేధించారు, కొట్లలో పెట్టే సీలు వేసిన ఫ్రీజర్లకు 2022 నుంచి హద్దు 150కి దించారు. 2016లో కిగాలీలో జరిగిన సవరణ ప్రకారం మన దేశం 2028లో వాడకం పెరక్కుండా ఆపి, 2032 నుంచి తగ్గిస్తూ, 2047కి 85 శాతం తగ్గించాలి.

మరి బదులు ఏమిటి? తమాషా ఏమిటంటే కార్బన్ డయాక్సైడు, ప్రొపేన్, అమ్మోనియా. మిడ్జిలీ తరిమేసిన పాత కాపులే తిరిగి వచ్చారు. ఒకటి పీడనం ఎక్కువ కోరుతుంది, ఒకటి మండుతుంది, ఒకటి విషం. ఇప్పుడు యంత్రాలు గట్టివి, గ్యాసు కొంచెమే నింపుతారు, కాపలా పెట్టే మీటర్లున్నాయి.

అమ్మోనియా అయితే మా గుంటూరు వైపు అసలు పోనేలేదు. మా నాన్న ఏటా మిర్చి టిక్కీలు పెట్టే కోల్డ్ స్టోరేజీ దానితోనే నడుస్తుంది. యంత్రాల గది పక్కనుంచి వెళ్తే ముక్కు అదిరే ఘాటు. ధర వచ్చేదాకా సరుకు రంగు పోకుండా కాపాడేది అదే, ఆ గదిలో హమాలీ గాని ఆపరేటరు గాని ప్రాణం అరచేతిలో పెట్టుకునేదీ దానితోనే. దాని వేడి లెక్క సున్నా అని నాన్నతో చెబితే, మరి కారితే ఎవరు చూసుకుంటారురా అని అడిగాడు. మిడ్జిలీని కదిలించిన ప్రశ్న కూడా అదే కదా అనిపించింది. అందుకే ఫ్రియాన్ విషయంలో అతణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు. సీసం దగ్గర తెలిసి దాచాడు. ఇక్కడ అతనికే కాదు, భూమ్మీద ఎవరికీ తెలియదు.

నాకు అంతకంటే కోపం తెప్పించేది వేరే ఉంది. మా ఊరి సెంటర్లో కూల్‌డ్రింకు కొట్టు ఫ్రీజరు చెడిపోతే మెకానిక్ వస్తాడు, గొట్టం విప్పుతాడు, ఉన్న గ్యాసుని బుస్సుమని గాలికి వదిలేస్తాడు, కొత్త గ్యాసు పట్టిస్తాడు. పాతదాన్ని సిలిండరులోకి లాగే యంత్రం ఉందని అతనికి తెలుసు. కొనడానికి డబ్బేది? చట్టాలు కంపెనీ దగ్గర బిగిస్తే గ్యాసు ధర పెరుగుతుంది, ఆ పెరిగింది కొట్టువాడి నెత్తిన పడుతుంది. మెకానిక్‌కి ఆ యంత్రం, ప్రొపేన్ పట్టించే పద్ధతి నేర్పేవాళ్ళు కూడా రావాలి. మన పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. మిత్రులకు ఇందులో బోలెడు పని ఉంది.

మొన్న మన క్యాంటీను ఫ్రీజరు వెనక వంగి చీటీ చదివాను. ఆర్-134ఏ, 220 గ్రాములు అని ఉంది. అదంతా కారితే 300 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడు లెక్క. పక్కనే ఈ ఏడు కొన్న ఐస్‌క్రీము పెట్టె మీద ఆర్-290 అనీ, కింద మంట బొమ్మా ఉన్నాయి. అంటే ప్రొపేన్. క్యాంటీను బాబాయి ఆ బొమ్మ చూసి దాన్ని పొయ్యికి దూరంగా, కిటికీ పక్కకి జరిపించాడు.