బుట్టలు కట్టిన బోధకుడు

భిలాయి బాలికల బాస్కెట్‌బాల్ కీర్తి స్మృతి నగర్‌లోని తెలుగువారికి క్రొత్త కాదు. ఆ ఆటను కల్పించినవాడు జేమ్స్ నైస్మిత్.

1861లో కెనడాలో జన్మించిన ఆయన చిన్నతనముననే తల్లిదండ్రులను కోల్పోయెను. మాంట్రియల్‌లో దైవసేవకై చదువుచు రగ్బీ ఆడుచుండగా, ఆయన దారి తప్పెనని తోటివారు ప్రార్థించిరి. అయినను యౌవనులను క్రీస్తునొద్దకు నడిపించుటకు మైదానమును తగిన స్థలమేనని తలంచి, 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో చేరెను.

1891 చలికాలమున, వ్యాయామమనిన విసిగిపోయిన 18 మంది విద్యార్థులు ఆయన కప్పగింపబడిరి. అంతకు ముందు ఇద్దరు ఉపాధ్యాయులు వారితో వేగలేకపోయిరి. 14 దినములలో క్రొత్త ఆటను కనుగొనుమని పై అధికారి ఆజ్ఞాపించెను. లోపము పిల్లలలో లేదు, నేర్పు విధానములో నున్నదని నైస్మిత్ గ్రహించెను. పది అడుగుల ఎత్తున రెండు పీచ్ పండ్ల బుట్టలు కట్టించి, 13 నియమములు వ్రాసెను. బంతితో పరుగెత్తరాదు, ఒకరి నొకరు త్రోయరాదు. అయిష్టముతో దిగినవారే ఆటను విడువనొల్లక, సెలవులలో తమ ఊళ్లవారికి నేర్పిరి.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో తన ఆటను కన్నులార చూచి, 1939లో ఆయన కన్నుమూసెను.

ప్రియ చదువరీ, వేగలేని పిల్లలు నీ కప్పగింపబడినప్పుడు, వారిని నిందింపక ఆటను మార్చిన ఈ బోధకుని జ్ఞాపకము చేసికొనుము.