మాథ్యూ హేల్

సర్ మాథ్యూ హేల్ (నవంబర్ 1, 1609 - డిసెంబర్ 25, 1676) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ న్యాయమూర్తి, న్యాయశాస్త్ర గ్రంథకర్త. నేర విచారణలో బాలసాక్షుల వాంగ్మూలానికి, ముద్దాయి హక్కులకు సంబంధించిన చర్చలలో ఈయన రచనలు, ఈయన జరిపిన ఒక విచారణ ప్రస్తావనకు వస్తుంటాయి.

జీవితం

హేల్ గ్లౌస్టర్‌షైర్‌లోని ఆల్డర్లీ గ్రామంలో జన్మించాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయాడు. ఆక్స్‌ఫర్డులో చదివి, 1628లో న్యాయవిద్యకై లింకన్స్ ఇన్‌లో చేరాడు. 1654లో క్రాంవెల్ పాలనలో న్యాయమూర్తి అయ్యాడు. రాచరికం పునరుద్ధరింపబడిన తరువాత 1660లో ఎక్స్‌చెకర్ న్యాయస్థానానికి, 1671లో కింగ్స్ బెంచ్‌కు ప్రధాన న్యాయమూర్తిగా నియమితుడయ్యాడు.

బరీ సెయింట్ ఎడ్మండ్స్ విచారణ

1662 మార్చిలో లోవెస్టాఫ్ట్‌కు చెందిన రోజ్ కలెండర్, అమీ డెన్నీ అనే ఇద్దరు వితంతువులను పిల్లలకు చేతబడి చేశారన్న అభియోగంపై ఈయన విచారించాడు. న్యాయస్థానానికి తీసుకువచ్చిన పిల్లలు మూర్ఛలకు లోనై ఏమీ చెప్పలేకపోయారు. వారు ఇంటివద్ద పలికిన మాటలను పెద్దలే సాక్ష్యంగా చెప్పారు. ముద్దాయిల పక్షాన న్యాయవాది లేడు. ఒక బాలికకు కళ్ళు కప్పి వేరొక స్త్రీచేత తాకించగా, ముద్దాయి తాకినప్పటివలెనే ప్రవర్తించింది. పరీక్షకు వెళ్ళిన ప్రముఖులు ఇదంతా మోసమని తెలిపారు. అయినను హేల్ సాక్ష్యాలను సమీక్షించకుండానే నిర్ణయాన్ని జ్యూరీకి వదిలివేశాడు. అరగంటలో జ్యూరీ ఇద్దరినీ దోషులుగా తేల్చింది. వారిని ఉరితీశారు. 1682లో ముద్రితమైన ఈ విచారణ వృత్తాంతం 1692 నాటి సేలం విచారణలకు ఆధారంగా వాడబడింది.

రచనలు

హేల్ ముఖ్య గ్రంథాలు మరణానంతరం ప్రచురితమయ్యాయి. 1713లో వెలువడిన ఇంగ్లాండు సామాన్య న్యాయ చరిత్రలో, సాక్షి బహిరంగ న్యాయస్థానంలో ఉభయపక్షాల ఎదుట చెప్పి, ప్రశ్నలకు జవాబివ్వడమే సత్యాన్ని తేల్చే ఉత్తమ మార్గమని వివరించాడు. 1736లో వెలువడిన నేరచట్ట గ్రంథంలో, అత్యాచారానికి గురైన పసిపిల్ల చెప్పినదాన్ని తల్లి నోట వినడంకన్నా, ప్రమాణం లేకుండానైనా ఆ పిల్లనే న్యాయస్థానం వినడం మేలని వ్రాశాడు. అయితే ఆ వాంగ్మూలం ఒక్కటే శిక్షకు చాలదనీ, ఇతర ఆధారాలు తోడుగా ఉండాలనీ పేర్కొన్నాడు. ఈ నియమాలను పాటించి ఉంటే 1662లో పెద్దల నోట విన్న మాటలకు అంత బలం ఉండేది కాదు.

తరువాతి కాలం

సాక్షులను ఎదుర్కొనే హక్కు 1791లో అమెరికా రాజ్యాంగపు ఆరవ సవరణలో చేరింది. ముద్దాయికి, బాలసాక్షులకు మధ్య తెర కట్టడం ఈ హక్కుకు భంగకరమని 1988లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముద్దాయి సమక్షం ఆ బిడ్డకు తీవ్ర మనోవేదన కలిగిస్తుందని ప్రత్యేకంగా నిర్ధారించినపుడు, టెలివిజన్ ద్వారా సాక్ష్యం తీసుకోవచ్చని 1990లో అనుమతించింది.