కాటన్ దొరగారును గోదావరి ఒండ్రును

మన సీమలో కాటన్ దొరగారి పేరు వినని బాలుడు లేడు. ఆయన మనకు గోదావరి నీటినిచ్చెనని యెల్లరును చెప్పుదురు. ఆ నీటితో వచ్చు మంటిని ఆయన యెట్లు నడపెనో తలంచువారు కొందఱే. మేమిచట దానినే ముఖ్యముగ వ్రాయుచున్నాము.

ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. మద్రాసు ఇంజనీర్ల దళమున చేరి 1821లో ఈ దేశమునకు వచ్చెను. ఆయనకు నిజమైన పాఠశాల కావేరీనది. అచట కావేరిపాయ అడుగు ఇసుక మేటలతో మెఱకయగుచుండగా, పల్లమైన కొల్లిడపుపాయ నీటిని లాగికొనుచుండెను. తంజావూరి పొలములకు నీరు తగ్గుచుండెను. 1836లో ఆయన కొల్లిడమునకడ్డముగ ఆనకట్ట కట్టి, ఇసుక కొట్టుకొనిపోవుటకు దానిలో తూములుంచెను. అంతట కావేరిలో నీరధికమై అడుగు కోసికొనిపోసాగెను! 1845 నాటికి ఆ పాయకును అడ్డుకట్ట వేయవలసివచ్చెను. నీటిని త్రిప్పినచో మన్నును దారి మార్చుకొనును.

పిదప ఆయన మన గోదావరిని పరిశీలించి, ధవళేశ్వరమున 1847లో పని ప్రారంభించి 1852లో ముగించెను. అచట నది సుమారు నాలుగు మైళ్ల వెడల్పు, అడుగంతయు ఇసుక. సువార్తలోని ఇసుకమీది యింటి యుపమానమెఱిగిన భక్తుడు ఇసుకపై కట్టుటకేల జంకలేదో! ఇసుకలో రాళ్లు దింపి కట్టిన కల్లణై యను ప్రాచీనపుటానకట్ట శతాబ్దములు నిలిచియుండుట ఆయన కన్నులార చూచియుండెను.

నాసికు ప్రాంతమున బుట్టిన గోదావరి, సహ్యాద్రికి తూర్పున వానలు తక్కువైన దక్కను మెట్టలనుండి ఏటేట మంటిని కడిగితెచ్చును. ధవళేశ్వరపు కట్ట పొట్టిది. కాలువలకెక్కునంత నీటిని నిలిపి, వరదను తలమీదుగ పోనిచ్చెడిది. తూములు కాలువల మొగలవద్ద మేట పడనీయకుండెను. ఒండ్రు కొంత పొలములకును, తక్కినది లంకలకును సాగెను. మన రాజోలు సీమకు నీరు వైనతేయను దాటి రావలసియుండగా, గన్నవరమున లెఫ్టినెంటు హేగు 49 కమానుల అక్విడక్టును నిర్మించెను.

ఎగువ నేల కోతను నేడు జలాశయముల అడుగు చూచి కొలుచుచున్నారు. నీటిలోతును పలుచోట్ల కొలిచి, తొలి లెక్కనుండి తీసివేసినచో చేరిన మన్ను తేలును. పోచంపాడువద్ద శ్రీరామసాగరము మొదట 112 టీ.ఎం.సీ.ల నీరు పట్టెడిది. 1994 కొలతలో అది సుమారు 90కి దిగెను. ఆ లోటును నింపినది మెట్టపొలముల పైమన్నే. అది అచట నిలిచినంతమేర మన లంకలకు రాదు. తీరమున గట్టు విఱిగి కొబ్బరిచెట్లు ఏటబడుట చూచినవారికి దీని బరువు తెలియును.

1861లో కాటన్ దొరగారు సర్ బిరుదమందిరి. ముదిమిలో ఇంగ్లండునందు డార్కింగులోని తమ తోటను లోతుగ త్రవ్వించి గోధుమలు విత్తి, పంట యెంత హెచ్చునో పరీక్షించుచుండిరి. 1899 జులైలో, తొంబదియారేండ్ల ప్రాయమున, అచటనే దివంగతులైరి. ధవళేశ్వరపు పాత ఆనకట్టకు మారుగ 1982లో పూర్తియైన బారేజీ వారి పేరిటనే యున్నది.