గోల్డింగ్‌హాము దొర – మద్రాసు కాలము

జాన్ గోల్డింగ్‌హాము 1767లో జన్మించెను. చెన్నపట్టణమున నుంగంబాకమందు 1792లో వెలసిన నక్షత్రశాలకు అధికారియై, గురుగ్రహపు చంద్రుల గ్రహణములను ఏండ్ల తరబడి రాత్రులు మేల్కొని పరిశీలించి, 1802లో ఆ పట్టణపు రేఖాంశమును నిర్ణయించెను. దానివలన మద్రాసు కాలము గ్రీనిచ్చి కాలముకంటె సుమారు 5 గంటల 21 నిమిషములు ముందని తేలెను. 1849లో ఆయన గతించెను.

1856లో దక్షిణదేశమున రైళ్లు నడువసాగెను. ఊరికొక కాలమున్నచో బండ్లు నడపుట దుర్ఘటము గావున, పిమ్మట దేశమందలి రైళ్లు చాలవరకు మద్రాసు కాలమునే కైకొనెను. 1906 జనవరి 1న దేశమంతటికి 82½ డిగ్రీల రేఖాంశముపై నొకే కాలమేర్పడగా, మద్రాసు గడియారములు సుమారు 9 నిమిషములు ముందునకు జరిగెను.

బాలబాలికలారా! తన శ్రమఫలమును ఆయన కన్నులార చూడలేదు. నేడు నరసరావుపేటలోను మాచెర్లలోను ఒక్కమారే గంట మ్రోగుటకు పునాది అట్టివారి ఓపికయే.