ఆయిలర్ నిగ్గుదేల్చిన సంఖ్య

2147483647. రెండువందల పదునాలుగు కోట్ల డెబ్బదినాలుగు లక్షల ఎనుబదిమూడువేల ఆరువందల నలుబది ఏడు. ఒకటితోను, తనతోను తప్ప మరే సంఖ్యతోను ఇది నిశ్శేషంగా భాగింపబడదు. ఈ సత్యాన్ని మొట్టమొదట నిరూపించినవాడు దాదాపు చూపు కోల్పోయిన వృద్ధుడని తెలిసి మేము విస్మయం చెందాము. ఆ మేధావియే లియొనార్డ్ ఆయిలర్.

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జన్మించాడు. మతాచార్యుడైన తండ్రి, కుమారుడు కూడా తన మార్గంలోనే నడవాలని కోరుకున్నాడు. కాని గణితాచార్యుడు యోహాన్ బెర్నౌలీ ఆ బాలుని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. 1727లో ఆయిలర్ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు చేరి, అక్కడి విజ్ఞాన పరిషత్తులో స్థానం పొందాడు.

3, 5, 17, 257, 65537 అనే వరుసను పరికిద్దాం. ఒక్కొక్క దానినుండి ఒకటి తీసి, వర్గం చేసి, ఒకటి కలిపితే తరువాతిది వస్తుంది. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇట్టివన్నీ ప్రధాన సంఖ్యలేనని పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా విశ్వసించాడు. అయితే ఆరవదైన 4294967297, 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ చూపాడు. ఫెర్మా అంతటివాని ఊహ ఒక్క భాగహారంతో వీగిపోయింది.

1738 ప్రాంతంలో ఆయిలర్ కుడికంటి చూపు పోయింది. 1741నుండి బెర్లినులో పనిచేసి, 1766లో తిరిగి రష్యా చేరాడు. పిమ్మట ఎడమకన్ను కూడా మసకబారింది. 1771లో అగ్నిప్రమాదం ఆయన ఇంటిని దహించింది. అయినను ఆయన కృషి ఆగలేదు. లెక్క మనస్సులో సాగేది. కుమారులు, శిష్యులు వ్రాసిపెట్టేవారు.

ముప్పదియొక్క రెండులను గుణించి ఒకటి తీసివేస్తే 2147483647 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య అని 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి పేర్కొన్నాడు గాని నిరూపించలేదు. దీనికి ప్రధాన భాజకమేదైనా ఉంటే, 248 చేత భాగించినప్పుడు 1 గాని 63 గాని శేషంగా రావాలని ఆయిలర్ గ్రహించాడు. 46340 దాటి వెదకనక్కరలేదు. వేలకొలది భాగహారాలు ఈ విధంగా నాలుగువందలలోపునకు తగ్గాయి. ఏ ఒక్కటీ నిశ్శేషంగా భాగించలేదు. 1772లో ఫలితం వెలువడింది. అర్ధశతాబ్దికి పైగా, మానవునికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే.

1783 సెప్టెంబరు 18న ఆయిలర్ కన్నుమూశాడు. ఆయన పరీక్షకు పెట్టిన రెండు ఊహలలో ఒకటి కూలింది, ఒకటి నిలిచింది. చెప్పినవారు ఇద్దరూ ప్రసిద్ధులే. నిగ్గుదేల్చినది మాత్రం లెక్క. ఎంతటివారి మాటనైనా పరీక్షించి స్వీకరించడమే విద్యార్థి ధర్మమని మేము ఆయన జీవితం నుండి గ్రహించాము.