మల్లరంగమున హమీదా బాను

విజయదశమినాడు అమలాపురము వీధులలో చెడీ తాలింఖానా జూచిన కోనసీమవారికి దేహబలముపై గౌరవము క్రొత్తది కాదు. ఆ యుత్సవము 1856 నుండి జరుగుచున్నది. కుస్తీ మాట వచ్చెనా, తాటిపాక అరుగులమీద కోడి రామమూర్తి నాయుడుగారి పేరు రాక మానదు. ఆ ముచ్చటలలో స్త్రీ ప్రసక్తి మాత్రము రాదు. ప్రమీల యర్జును నెదిరించిన కథ పురాణకాలక్షేపమున విని సంతసింతుము; అట్టి వనిత గడచిన శతాబ్దముననే గోదాలోనికి దిగినప్పుడు దేశమెట్లు వర్తించెనో హమీదా బాను జీవితమును జూచినఁ దెలియును.

ఆమె స్వస్థలము నేటి ఉత్తరప్రదేశములోని మీర్జాపురము. అచ్చటివారి ఛాందసమువలన ఊరు విడిచి అలీఘడు చేరి, సలాం పహిల్వాను నొద్ద మల్లవిద్య నభ్యసించెను. ఎత్తు 5 అడుగుల 3 అంగుళములు, బరువు 108 కిలోలు. దినమునకు 6 గంటలు సాము, 9 గంటలు నిద్ర. ఆమె యాహారమును గూర్చి పత్రికలు వ్రాసినది చదివిన మన పెండ్లివిందులు చిన్నబోవును: 5 లీటర్లకు మించిన పాలు, ఒక కోడి, కిలోకు దగ్గరగా వేటమాంసము, అరకిలో వెన్న, 6 గ్రుడ్లు, బాదముపప్పు, 2 పళ్లెముల బిరియానీ. విలేఖరులు కొంత పెంచి వ్రాసియుండవచ్చును గాని అంత సాము చేయు దేహము గంజినీళ్లతో నిలువదు గదా.

1944లో బొంబాయియందు గూంగా పహిల్వానుతో ఆమె పందెము చూచుటకు 20,000 మంది చేరిరి. అతఁడు అధిక ధనమును, గడువును కోరుటచే పందెము నిలిచిపోయెను. జనులు కోపించి క్రీడాస్థలమును ధ్వంసము చేసిరి. 1954 ఫిబ్రవరిలో ఆమె యొక పణమును ప్రకటించెను: తన్నోడించిన పురుషుని వివాహమాడునఁట! పటియాలా మల్లుఁడొకఁడు, కలకత్తా మల్లుఁడొకఁడు వచ్చి యోడిపోయిరి. మే నెలలో బరోడాకు పోఁగా, మహారాజుగారి పోషణలోనున్న ఛోటే గామా, స్త్రీతో పోరనని తప్పుకొనెను. అతని బదులు దిగిన బాబా పహిల్వాను 1 నిమిషము 34 సెకండ్లలో నేలఁ గఱచెను.

ఇన్ని గెలుపులకు ఫలము సన్మానమని తలఁపరాదు. కొల్హాపురమున సోమసింగు పంజాబీ నోడించినప్పుడు ప్రేక్షకులు కేకలు వేసి రాళ్లు రువ్విరి. పూనాలో రామచంద్ర సాళుంకేతో కుదిరిన పందెమును అచ్చటి తాలీము సంఘమువారు ఆటంకపఱచిరి. ఆమె బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయిగారికి మొఱపెట్టుకొనఁగా, ఆడుదగుటచే నిషేధింపలేదనియు, పందెములు నడపువారు ఉత్తుత్తి మల్లులను నిలుపుచున్నారని ఫిర్యాదులు వచ్చినవనియు ఆయన సమాధానమిచ్చెను. ఆ యారోపణ కేవలము నిరాధారమని మేము వాదింపము. కుస్తీ వ్యాపారమైనచోట మోసము చొరఁబడుట వింత గాదు. కాని మగవారి పందెములయందును ఆ వ్యాపారమే కలదు. అందుకై వారిపై రాళ్లు పడలేదు.

ఆ సంవత్సరమే బొంబాయిలో రష్యా దేశపు ఆఁడుయెలుఁగుబంటియని పేరొందిన వెరా చిస్టిలినును ఒక్క నిమిషమైనను గాకమునుపే గెలిచి, ఐరోపాఖండమునకుఁ బోయి పోరుటకు సంకల్పించెను. పోలేదు. పిమ్మట మల్లరంగమున ఆమె పేరు వినరాలేదు. ఆమెను పోనీయకుండుటకై గురువగు సలామే కఱ్ఱలతోఁ గొట్టి చేతులు విఱుగఁగొట్టెనని కుటుంబమువారు పలుకాలము తరువాతఁ జెప్పిరి. కాళ్లును విఱిగి, ఏండ్లకొలఁది ఊఁతకఱ్ఱలతో నడచెనని కల్యాణు పట్టణమున ఇరుగుపొరుగువారు చెప్పిరి. గోదాలో నెవ్వఁడును చేయఁజాలని పని గోదా వెలుపల జరిగిపోయెను.

కల్యాణులోనే ఆమె నిలిచిపోయెను. పాలమ్మెను, కొన్ని యిండ్లు అద్దెల కిచ్చెను. చేతి సొమ్మయిపోయిన పిదప ఇంట వండిన తినుబండారములను బాటప్రక్కన అమ్ముకొనుచుఁ గాలము గడపెను. 1986లో మరణించెను.