నేర్పువారిని నిలిపిన వైద్యురాలు

ధ్యానమునకు: 2 తిమోతి 2:2, లూకా 10:25-37



పౌలు తిమోతికి చెప్పిన బుద్ధులలో ఒకదానిని మనము తరచుగా మరచిపోవుదుము. సేవకుడు తాను పని చేసిన చాలదు. ఆ పనిని నేర్చినవారు, మరల నేర్పువారు అతని వెనుక నిలువవలెను. ఈ మాట వైద్యమునందును నిజమని డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డిగారి జీవితము చూపుచున్నది. ఆమె మన సంఘస్థురాలు కాదు. అయినను, గాయపడినవానియొద్ద ఆగినవాడు సమరయుడే గదా!

ఆమె 1886 జూలై 30న పుదుక్కోట సంస్థానములో జన్మించెను. తల్లి దేవదాసీల కులమునకు చెందినది. బాలురు చదువు కళాశాలలో ఈ బాలికను చేర్చుకొనరాదని కొందరు అడ్డుపడగా, రాజుగారే సెలవిచ్చి చేర్పించిరి. ఆమె 1912లో మద్రాసు వైద్య కళాశాలలో పట్టము పొందెను. 1914లో డాక్టరు సుందరరెడ్డిగారిని వివాహమాడెను.

1923లో ఆమె చెల్లెలు క్యాన్సరుతో మరణించెను. మన పెద్దలు రాచపుండు అని భయపడిన వ్యాధి ఇదియే. ఇంటిలోనే వైద్యురాలుండియు చెల్లెలిని దక్కించుకొనలేకపోయెను. ఆ దుఃఖమును ఆమె తన ఇంటిలోనే దాచుకొనలేదు. ఈ వ్యాధికి ప్రత్యేకమైన ఆసుపత్రి కావలెనని నిశ్చయించుకొనెను. ఆ కోరిక నెరవేరుటకు 31 సంవత్సరములు పట్టెను.

ఈలోగా ఆమె మద్రాసు శాసన మండలిలో ఉపాధ్యక్షురాలై, దేవదాసీ ఆచారమును మాన్పుటకు పోరాడెను. కర్నూలు జిల్లాయు 1953 వరకు మద్రాసు పరిపాలనలోనే యుండెను గనుక, 1947లో వచ్చిన ఆ చట్టము మన సీమ ఆడబిడ్డలకును రక్షణయాయెను.

బొంబాయిలో 1941లో టాటా ఆసుపత్రి తెరువబడెను గాని, దక్షిణ దేశపు బీదవాడు అంత దూరము పోగలడా? క్యాన్సరు వచ్చినవాడు ఎటులైనను చనిపోవును, వానికి డబ్బు ఖర్చు చేయుట వృథా అని తలంచినవారు అనేకులు. ఆమె స్త్రీల సంఘముతో కలిసి చందాలు కూర్చెను. 1952లో నెహ్రూగారు పునాదిరాయి వేసిరి. 1954 జూన్ 18న అడయారులో 12 మంచములతో చిన్న ఆసుపత్రి తెరువబడెను.

మంచములు వేసిన చాలదని ఆమెకు తెలియును. ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి ఆ పనికే తన్ను అప్పగించుకొనెను. 1955లో యౌవనస్థురాలైన డాక్టరు శాంత, సర్కారు ఉద్యోగము దొరికియు దానిని విడిచి, ఆ చిన్న ఆసుపత్రికి వచ్చెను. చికిత్సతోపాటు పరిశోధనయు అక్కడ సాగెను. ఏలయనగా పరదేశములో కనుగొన్న వైద్యమును తెచ్చుకొనిన చాలదు. మన బీదలకు నోటిలోను గర్భసంచి ముఖద్వారములోను ఈ వ్యాధి ఎందుకు ఎక్కువగా వచ్చుచున్నది, వారెందుకు ముదిరిన తరువాత వచ్చుచున్నారు అని వెదకువారు ఈ నేలమీదనే తయారు కావలెను.

ముత్తులక్ష్మి రెడ్డిగారు 1968 జూలై 22న కన్నుమూసిరి. పని ఆగలేదు. క్యాన్సరు వైద్యములో పై పట్టములిచ్చు చదువులు 1984లో అక్కడ ప్రారంభమాయెను. డాక్టరు శాంత 2021లో మరణించువరకు ఆ ఆసుపత్రినే ఇల్లుగా చేసికొని, అనేకులకు నేర్పెను. చెల్లెలిని పోగొట్టుకొన్న ఒక అక్క దుఃఖము ఈలాగు తరతరములకు పాఠమాయెను.

ప్రియులారా, నందికొట్కూరు చుట్టుపట్ల పల్లెలలో మనమేమి చేయుచున్నాము? కూలి పోవునని, నలుగురిలో సిగ్గని, నాటుమందుతో తగ్గునని నెలలు గడుపుచున్నాము. పొగాకు, గుట్కా నమలువారి నోటిలో పుండు మూడు వారములైనను మానకపోయిన, రొమ్ములో గడ్డ తగిలిన, ముట్లు ఆగిన స్త్రీకి మరల రక్తము కనబడిన, ఆలస్యము చేయక కర్నూలు పెద్దాసుపత్రికి పొండి. నొప్పి లేదు గనుక ఏమియు లేదనుకొనవద్దు. తొలిదశలో కనుగొనిన అనేకులు బాగుపడుచున్నారు. ప్రార్థన చేయుడి; ప్రార్థించి బస్సెక్కుడి.

మరియు మీ బిడ్డలలో చదువునందు ఆసక్తిగలవారిని, ముఖ్యముగా ఆడపిల్లలను, తొందరపడి బడి మాన్పకుడి. రేపు మన పల్లె రోగి భాష తెలిసి, బాధ తెలిసి, ఆ వ్యాధి మూలమును వెదకువారు వారిలోనుండియే లేవవలెను. అట్టివారిని దేవుడు మన మధ్య లేపును గాక. ఆమేన్.